అన్ని ఉపగ్రహాలూ ‘ఉమ్మడి’వేనా?

సందేహం: హీలియోస్ ఉపగ్రహాలను ఒకచోట ‘ఐరోపా దేశాల ఉమ్మడి సైనిక ఉపగ్రహాలు’ అనీ, మరోచోట ‘ఫ్రాన్స్ గూఢచారి ఉపగ్రహాలు’ అనీ రాశారు. ఏది సరైన ప్రయోగం?

సమాధానం: ముందు ‘గూఢచారి’ సంగతి. చారి అంటే తిరిగేవాడు. గూఢచారి అనగానే మారువేషం వేసుకున్న మనిషే మనసులో మెదులుతాడు. యంత్రానికి కూడా ఈ మాట వాడుకలోకి వచ్చేసింది కాబట్టి తప్పనలేం. కానీ మన ఉపగ్రహమైతే ‘నిఘా’, పరాయి దేశానిదైతే ‘గూఢచారి’ అని రాసే అలవాటు నాకు నచ్చదు. నిఘా పారసీకం నుంచి వచ్చిన మాట, దాని మూలార్థం చూపు. పైనుంచి భూమిని చూడటమే ఈ ఉపగ్రహాల పని కనుక, ఎవరివైనా సరే, ‘నిఘా ఉపగ్రహాలు’ అంటే చక్కగా అతుకుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ‘ఉమ్మడి’ దగ్గర. ఉమ్మడి ఆస్తి అన్నామంటే అందులో అందరికీ హక్కు ఉన్నట్టు. 1995 జులైలో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్‌పై వెళ్లిన హీలియోస్-1ఎ, 1999 డిసెంబరులో వెళ్లిన 1బి అలాంటివే. ఖర్చులో ఫ్రాన్స్ సుమారు 79 శాతం, ఇటలీ 14, స్పెయిన్ 7 శాతం పెట్టుకున్నాయి. ఫొటోలు తీయించుకునే అవకాశాన్నీ దాదాపు అదే లెక్కన పంచుకున్నాయి. ఊళ్లో ఉమ్మడి బావి నీళ్లు వాటాను బట్టి వంతులవారీగా పెట్టుకున్నట్టే. ‘వంతు’ అనే ఒక్క మాటలోనే వాటా, తడవ రెండూ ఉన్నాయి కాబట్టి ‘స్పెయిన్ వంతు’ అంటే ఇక్కడ రెండు విధాలా సరిపోతుంది. అయితే వీటిని ‘ఐరోపా ఉమ్మడి ఉపగ్రహాలు’ అని రాస్తే ఐరోపా సమాఖ్య మొత్తానికి చెందినవనే అపోహ కలుగుతుంది. ‘ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ ఉమ్మడి నిఘా ఉపగ్రహాలు’ అని పేర్లు చెప్పి రాస్తే గొడవే ఉండదు.

జర్మనీ విషయం వేరు. 2006–08 మధ్య రష్యా రాకెట్లపై పంపిన 5 సార్-లూపె ఉపగ్రహాలు పూర్తిగా జర్మనీవే. అవి రాడార్‌తో చూస్తాయి కాబట్టి మబ్బు పట్టినా, చీకటి పడినా వాటి పని ఆగదు. 2004లో వెళ్లిన హీలియోస్-2ఎ తీసిన ఫొటోలు స్పష్టంగా ఉండేవి గానీ మబ్బు అడ్డొస్తే చేసేదేమీ ఉండేది కాదు. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుందనే 2002లో జర్మనీ నగరం ష్వెరీన్‌లో ఫ్రాన్స్, జర్మనీ ఒప్పందం చేసుకున్నాయి: మీ చిత్రాలు మాకు, మా చిత్రాలు మీకు. ఎవరి ఉపగ్రహాలు వారివే, ఇచ్చిపుచ్చుకునేది చిత్రాలను మాత్రమే. కొన్ని వార్తల్లో దీన్నీ ‘ఉమ్మడి వ్యవస్థ’ అనేస్తారు. అది పొరపాటు. ‘ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం’ అంటే ఉన్నదున్నట్టు చెప్పినట్టవుతుంది, వినడానికీ తెలుగులా ఉంటుంది. మరీ క్లుప్తంగా కావాలంటే ‘చిత్రాల మార్పిడి’ అనండి.

హీలియోస్ తర్వాతి తరమైన సీఎస్‌ఓ ఉపగ్రహాలకు ‘ఉమ్మడి’, ‘ఇచ్చిపుచ్చుకునే’ అనే ఈ రెండు మాటలూ పూర్తిగా సరిపోవు. మూడింటినీ ఫ్రాన్సే నడుపుతోంది. 2025 మార్చిలో ఏరియాన్-6పై వెళ్లిన మూడోదానికి జర్మనీ డబ్బు సాయం చేసింది. స్వీడన్ కిరునాలో, నేల మీద నుంచి ఉపగ్రహాలతో సంబంధం పెట్టుకునే కేంద్రానికి చోటిచ్చింది. అందుకని ‘జర్మనీ, స్వీడన్ తదితర దేశాల భాగస్వామ్యంతో ఫ్రాన్స్ నడుపుతున్న నిఘా ఉపగ్రహాలు’ అని రాయండి. వాక్యం కాస్త పొడవైనా ఫర్వాలేదు.