మూపురం దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి మనవరాలికి,

ఫోన్‌లో పంపిన ఎద్దుల బొమ్మలు చూశాను. నాలుగు గీతల్లో ఎద్దు దిగాలని నీ ఆశ. మంచి ఆశే. కానీ నువ్వు చిత్రకారుడు పికాసో గీసిన ఎద్దుల వరుసలో చివరి బొమ్మను చూసి అక్కడి నుంచి మొదలుపెట్టినావు. ఆయన అక్కడ మొదలుపెట్టలేదమ్మా.

1945 డిసెంబరులో పారిస్‌లో, ఫెర్నాన్ మూర్లో అనే ఆయన లితో ప్రెస్సులో, అంటే రాతి మీద గీసిన బొమ్మను కాగితం మీద అచ్చు తీసే చోట, రాతి మీద ఒక ఎద్దును గీసి, 1946 జనవరి దాకా దాన్నే మార్చుకుంటూ పోయినాడు. మొత్తం 11 దశలు. మొదటిది మామూలు ఎద్దే. తర్వాత అది ఇంకా బరువెక్కింది. ఆ తర్వాత ఒళ్లును భాగాలుగా విడదీసి చూసుకున్నాడు. తీసేయడం దాని తర్వాతి పని. ఆఖరికి కాసిని గీతలు, పెద్ద ఒళ్లు, చిటికెడు తల మిగిలాయి. అయినా అది బరువుగానే నిలబడింది. తీసేసిన కండలన్నీ ఆ చేతికి తెలుసు కదా. నీ గీతల్లో నాకు కనబడనిది ఆ బరువే.

ఇంకోటి. ఆయన ఎద్దుకు మన ఎద్దు మూపురం లేదు. ఆ గీతను తెచ్చి ఇక్కడ అతికించొద్దు. ముద్దనూరు దగ్గర చింతకుంటలో ఆదిమకాలపు రాతి చిత్రాలున్నాయి, నాన్నతో వెళ్లి చూడు. అక్కడ ఒక గుండుకు ఎద్దుల ఆవుల గుండు అనే పేరు. ఎర్రరంగులో మూపురాన్ని ఎట్లా పట్టుకున్నారో నిదానంగా గమనించు. నాకైతే పారిస్ బొమ్మకన్నా అదే దగ్గర.

తర్వాత పశువుల సంతకు పో. బాల్‌పెన్ను చాలు, రబ్బరు ఇంట్లో పెట్టేయి. పడుకుని నెమరేసే ఎద్దుతో మొదలుపెట్టు, అది కదలదు. నిలబడినదాన్ని గీసేటప్పుడు ముందు బరువు ఏ కాలి మీద ఉందో చూడు. మూపురం దగ్గర పెన్ను ఆనించి, ఎత్తకుండా వెన్ను మీదుగా తోక దాకా రా. మళ్లీ మూపురం నుంచి మెడ దిగి గంగడోలు. కన్ను, వెంట్రుకలు ఇప్పుడే వద్దు. ఇంకో గీత గీయాలనిపిస్తే, దానివల్ల ఎద్దు గురించి కొత్తగా ఏం తెలుస్తుందో అడుగు. ఏమీ లేకుంటే ఆపెయ్యి.

కదిలే జంతువులంటే టెన్షన్ పడకు. అమెరికా శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ న్యూయార్క్ జూలలో బ్రష్షుతో గబగబా గీసిన బొమ్మలు 1926లో పుస్తకంగా వచ్చాయి, దొరికితే చూడు. మేకపిల్లకు ఎద్దు గీత పనికిరాదని అప్పుడు అర్థమవుతుంది.

సంతలో గీసినవన్నీ పంపు. నీకు నచ్చనివి ముందు పంపు, వాటితోనే నాకు ఎక్కువ పని.

ఆశీస్సులతో,
తాత, ప్రొద్దుటూరు