జిగురు మరకకు నీలగిరి తైలం పెట్టండి, పసిపిల్లల ముక్కుకు పెట్టకండి

ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్కల నుంచి తీసే ఘాటు వాసన నూనెలు, ఇంట్లో నిజంగా పనికొస్తాయా, ఉత్త వాసన కోసమేనా, కొంటే ఏవి కొనాలి అని అడిగారు. పనికొస్తాయి. కాకపోతే మనవాళ్లు వాటిని మందుల డబ్బాలోనో, అగరబత్తుల పక్కనో పెడతారు. మా ఇంట్లో నీలగిరి తైలం (యూకలిప్టస్ నూనె) సీసా స్క్రూడ్రైవరు, టెస్టరు, ఇన్సులేషన్ టేపు ఉండే సొరుగులో ఉంటుంది. నా లెక్కలో అది పనిముట్టే.

మా మరిది గృహప్రవేశానికి తాంబూలంతో పాటు ఇవ్వడానికి స్టీలు డబ్బాలు తెచ్చారు. ముందురోజు రాత్రి వంటలవాళ్ల హడావిడి ఒకపక్క, ఇంకోపక్క చాప మీద ఆడవాళ్లందరం కూర్చుని వాటి స్టిక్కర్లు పీకుతున్నాం. పైకాగితం పొరలుగా లేస్తుంది, కింద జిగురు మాత్రం కదలదు. పిన్నత్తగారు చాకుతో గీకితే డబ్బా మీద గీతలు పడ్డాయి. వేడినీళ్లు పోస్తే జిగురు సాగి ఇంకా పాకింది. కొబ్బరినూనెతో వస్తుంది గానీ ఒక్కో డబ్బాకీ చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాలి.

"రేపు వచ్చినవాళ్ల చేతుల్లో ఈ మరకల డబ్బాలే పెడతామా అమ్మాయ్?" అని అత్తయ్యకి ఒకటే టెన్షన్. పిన్నత్తగారి సంచిలో నీలగిరి తైలం ఉంటుందని నాకు తెలుసు. అడిగితే, "అది నా పడిశానికి తెచ్చుకున్నానే, గిన్నెలకి పోస్తావా!" అన్నారు. "రేపు కొత్త సీసా కొనిస్తాను, ముందు ఇవ్వండి పిన్నత్తయ్యా" అని తీసుకుని, దూది మీద నాలుగు చుక్కలు వేసి జిగురు మీద అద్దుకుంటూ పోయాను. వరసలో చివరి డబ్బాకి అద్ది మొదటిదాని దగ్గరికి వచ్చి పాత గుడ్డతో తుడిస్తే, జిగురు ఉండలు కట్టి ఊడి వచ్చేసింది. తర్వాత గిన్నెల సబ్బుతో కడిగేస్తే వాసన కూడా పోయింది. ఆ తర్వాత డబ్బాలన్నీ నా ముందుకే నెట్టారు.

అసలు స్టీలు సామాన్లకి ఆ స్టిక్కర్ అంత గట్టిగా, కంచమైతే సరిగ్గా మధ్యలో ఎందుకు అంటించాలి? అడుగున అంటిస్తే ఏం పోయింది? అన్నం తినే చోట జిగురు పూసి అమ్మడం నాకు ఒళ్లు మండే విషయం.

ఈ తైలంలో ఎక్కువ భాగం సినియోల్ అనే పదార్థం. నీళ్లకు లొంగని జిగురు దానికి మెత్తబడుతుంది. అద్దం మీద బొట్టుబిళ్లల మరకలు, టేపు కోసి కోసి అతుక్కుపోయిన కత్తెర, బీరువా అద్దానికి పిల్లలు అంటించిన బొమ్మలు, అన్నిటికీ ఇదే మందు. అయితే జిగురును కరిగించేది కొన్ని ప్లాస్టిక్కులనూ, రంగులనూ, పాలిష్‌నూ కూడా పాడుచేస్తుంది. కమలాపండు తొక్కను బెలూన్ మీద పిండితే టప్పున పేలడం చూసే ఉంటారు, ఆ తొక్కలో ఉండేదీ ఇలాంటి నూనే. కాబట్టి ముందు ఒక మూల రాసి చూడండి. సీసా గాజుదే ఉండాలి. దీపం దగ్గర, పొయ్యి దగ్గర పెట్టొద్దు, ఇట్టే నిప్పంటుకుంటుంది.

ఆ రాత్రే ఇంకోటి జరిగింది. మా తోడికోడలి పసివాడు తుమ్మాడని, సీసాలో మిగిలింది వాడి ముక్కు దగ్గర రాయమన్నారు పిన్నత్తగారు. నేను ససేమిరా ఒప్పుకోలేదు. నీలగిరి తైలం గానీ కర్పూరం గానీ పసిపిల్లల ముక్కు దగ్గర పెట్టకూడదు, ఊపిరికి ఇబ్బంది అవుతుంది. కొద్ది మిల్లీలీటర్లు మింగినా మగత, ఫిట్స్ రావచ్చు. పొరపాటున మింగితే వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఫిట్స్ జబ్బున్న పెద్దవాళ్లు కూడా ఈ రెండిటికీ దూరంగా ఉండాలి. "చెట్టు నుంచి వచ్చిందేగా, ఏం కాదులే" అనే మాట వింటే నాకు కోపం వస్తుంది. గన్నేరు కూడా చెట్టేగా!

మా ఒంగోలు వైపు జామాయిల్ తోటలు కనిపిస్తే, ఆ ఆకులు మరగబెట్టి తైలం తీయొచ్చా అని అడుగుతుంటారు. అవి కాగితం మిల్లుల కలప కోసం వేసినవి. అదీ యూకలిప్టస్ జాతే గానీ ఊటీ కొండల్లో తైలం తీసే చెట్టు వేరు. పైగా ఆకుల్లోంచి ఆవిరి పంపి, దాన్ని చల్లార్చి, పైన తేలిన నూనెను వేరుచేయాలి. గిన్నెలో మరగబెడితే మిగిలేది వాసన నీళ్లే.

నేను కొనే రెండోది నిమ్మగడ్డి నూనె, ఇల్లు తుడవడానికి. వంద కిలోల పచ్చిగడ్డికి అటూ ఇటూగా అర కిలో నూనె వస్తుంది, అంత చిక్కనిది. అందుకే బకెట్‌కి పది చుక్కలు చాలు. నేరుగా నీళ్లలో వేస్తే పైన తేలి ఒకేచోట అతుక్కుంటుంది. ముందు కాస్త కుంకుడు రసంలో గిలక్కొట్టి ఆ తర్వాత బకెట్‌లో కలపండి. వర్షాకాలంలో మా వంటింట్లో ఈగలు తగ్గడం దీనివల్లే అంటాను నేను, ఎవరు కాదన్నా సరే. దోమలకి మాత్రం దీన్ని నమ్ముకోకండి, కాసేపటికే ఆవిరైపోతుంది. వల కట్టుకోండి.

పొగలు చిమ్మే డిఫ్యూజర్ యంత్రం కొనకండి, ఆ డబ్బుతో రెండు మంచి సీసాలు వస్తాయి. కొనేటప్పుడు లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం ఉందో లేదో చూడండి. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని ఉంటే అది సెంటు, నేను చెప్పిన జిగురు పనికి రాదు.