అమ్మాయి టాంగో టీచర్ అవుతానంటోంది, ఎమ్మెస్ మేలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మాయికి 6 ఏళ్ళప్పుడు మస్కట్ వెళ్ళి, 12 ఏళ్ళు పనిచేసి వచ్చి కొబ్బరితోట చూసుకుంటున్నాను. ఇప్పుడు అమ్మాయికి 25. బీటెక్ చేసి బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, మూడేళ్ళుగా టాంగో డాన్సు నేర్చుకుంటోంది. ఉద్యోగం మానేసి యూరప్‌లో ఊరూరూ తిరుగుతూ ఆ డాన్సు నేర్పుతానని, అక్కడే స్థిరపడతానని అంటోంది. జర్మనీలో ఎమ్మెస్ చేయమంటే వినడం లేదు. పరాయి మగవాళ్ళను పట్టుకుని ఆడే డాన్సు, బంధువులకు ఏమని చెప్పుకోవాలి? ఎమ్మెస్, టాంగో రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పగలరు.

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోనసీమ నుంచి, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి ఇలాంటివి నాకు తరచూ వస్తుంటాయి. ఒకరింట్లో డాన్సు, ఇంకొకరింట్లో ఫొటోగ్రఫీ, మరొకరింట్లో వంట. పోల్చి చెప్పమని అడుగుతారు గానీ వాళ్ళకు నిద్ర పట్టకుండా చేస్తున్నది వేరే ఉంటుంది. పిల్ల మన చెయ్యి జారిపోతుందేమో, అక్కడ ఒంటరిగా కష్టపడుతూ మనకు చెప్పకుండా దాచుకుంటుందేమో అని. మీదీ అదే భయమనుకుని రాస్తున్నాను.

ముందు మీరు ఇబ్బంది పడుతూ రాసిన మాట. అవును, టాంగో దగ్గరగా పట్టుకుని ఆడే డాన్సే. ఆ పట్టును స్పానిష్‌లో 'అబ్రాసో' అంటారు, కౌగిలి అని అర్థం. అయితే అందరూ కలిసి ఆడుకునే సభకు, అంటే మిలోంగాకు, గట్టి పద్ధతులున్నాయి. పాత పద్ధతిలో మగవాడు వచ్చి చెయ్యి పట్టుకుని లాగడు. దూరం నుంచి చూస్తాడు, ఆమెకూ ఇష్టమైతే చూపు కలుపుతుంది, ఇద్దరూ తల ఊపుకుంటారు. ఇష్టం లేకపోతే ఆమె చూపు తిప్పుకుంటుంది, అంతటితో సరి. మూడు నాలుగు పాటలు కలిసి ఆడతారు. మధ్యలో వేరే సంగీతం వినిపించగానే ఎవరి కుర్చీకి వాళ్ళు వెళ్ళిపోతారు. చెడ్డవాళ్ళు అక్కడా ఉంటారు, లేరని నేను చెప్పను. కానీ వద్దని చెప్పే వీలు అమ్మాయికి ఆ పద్ధతిలోనే ఉంది.

ఇంకో సంగతి. 19వ శతాబ్దం చివర అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్, ఉరుగ్వేలోని మాంటెవీడియో రేవుల్లో ఈ డాన్సు పుట్టింది. ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు, అంతకుముందు నుంచీ అక్కడున్న ఆఫ్రికా సంతతివాళ్ళు, అందరూ కలిసిన పేటల్లో. 2009లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇల్లు వదిలి రేవు దాటి వెళ్ళిన బతుకు మీకు తెలియనిది కాదు.

అందుకే ఒక మాట గట్టిగా అంటాను, ఏమీ అనుకోకండి. మీరు మస్కట్‌లో ఉన్న 12 ఏళ్ళూ ఊళ్ళో ఎవరైనా 'ఆయన ఇంకా స్థిరపడలేదు' అన్నారా? ఇంటిని నిలబెట్టాడనే అన్నారు. తండ్రి ఎక్కడో దూరంగా ఉంటాడు, ఫోన్లో మాట్లాడతాడు, సెలవుకు వస్తాడు అని చూస్తూ పెరిగిన పిల్ల ఆమె. అలాంటి పిల్ల దూరం వెళ్తానంటే పరువు గుర్తొచ్చిందా? బంధువులకు టాంగో టీచర్ అని చెప్పండి. అది పని పేరు. మీరే తడబడితే వాళ్ళు పది కథలు అల్లుతారు.

ఇక నా అనుమానాలు. ఇవి డాన్సు మీద కాదు, 'తిరుగుతూ' అన్న మాట మీద. ఈ మధ్య పిల్లలందరి నోటా ఇదే. ఫోన్లో ఒకరు ఈ వారం లిస్బన్, పై వారం బెర్లిన్ అని వీడియో పెడతారు, మన పిల్లలు ఉద్యోగానికి రిజైన్ లెటర్ రాసేస్తారు. వీడియోలో పాస్‌పోర్టు కనిపించదు. అలా తిరిగే అర్జెంటీనా టీచర్లకు యూరప్ షార్ట్ విజిట్‌కు వీసాయే అక్కర్లేదు. చాలామందికి తాతలు ఇటలీవాళ్ళో స్పెయిన్‌వాళ్ళో కావడంతో ఆ దేశపు పౌరసత్వమే ఉంటుంది. మన పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే విజిట్ వీసా కావాలి, అది ఇచ్చినా ఏ 180 రోజుల్లోనైనా ఉండగలిగేది 90 రోజులే. ఆ విజిట్ వీసా మీద డబ్బు తీసుకుని క్లాసు చెప్పడానికి మామూలుగా వీలుండదు. ఒక దేశంలో నివాస అనుమతి దొరికినా పక్క దేశాలకు వెళ్ళి రావడానికి పనికొస్తుంది గానీ, అక్కడ పనిచేసే హక్కు దానంతట అది రాదు. 'అందరూ ఇలాగే చేస్తారు' అని ఎవరైనా చెబితే నమ్మవద్దని అమ్మాయికి చెప్పండి. పట్టుబడితే పోయేది ఆమె వీసా.

డబ్బు సంగతి ఊరికే లెక్క కోసం చూద్దాం. శని, ఆదివారాల్లో 4 క్లాసులు, క్లాసుకు 10 జంటలు, మనిషికి 15 యూరోలు అనుకుంటే 1,200 యూరోలు. హాలు అద్దె, నిర్వాహకుల వాటా కలిపి సగం పోయిందనుకోండి. మిగిలిన 600 ఇద్దరు పంచుకోవాలి, ఎందుకంటే టాంగో టీచర్లను ఎక్కువగా జంటగానే పిలుస్తారు. చేతికి 300. అందులోంచి రైలు ఛార్జీ, పన్ను, ఆరోగ్య బీమా. ప్రైవేటు క్లాసులు దొరికితే కాస్త ఊపిరి ఆడుతుంది. జోడీ విడిపోతే మాత్రం పిలుపులు తగ్గిపోతాయి. మోకాలు నొప్పి పెట్టిన వారం సంపాదన సున్నా.

అమలాపురం అమ్మాయి ఒకామె జర్మనీలో ఉంటూ కూచిపూడి నేర్పుతోంది. వారాంతాల్లో వేరే ఊళ్ళకు రైల్లో వెళ్ళి తెలుగు కుటుంబాల పిల్లలకు చెబుతుంది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు తన లెక్కల పుస్తకం నా ముందు పెట్టింది. వారానికో పేజీ. టికెట్, హాలు, వచ్చిన పిల్లలు, అడుగున మిగిలిన సొమ్ము. ఒక పేజీలో అడుగున ఎర్ర సిరాతో మైనస్ గుర్తు. ముందురోజు రాత్రి క్లాసు రద్దయింది, టికెట్ డబ్బు వెనక్కి రాలేదు. 'ఆ రోజు స్టేషన్‌లో కూర్చుని అమ్మకు ఫోన్ చేసి, క్లాసు బాగా జరిగిందని చెప్పానండి' అంది. మీరు భయపడాల్సింది దీనికి. అమ్మాయి ఓడిపోతుందని కాదు, ఓడిన రోజు మీకు ఫోన్ చేయలేకపోతుందని.

పోలిక అడిగారు కాబట్టి రెండు మాటలు. ఎమ్మెస్‌ది స్పష్టమైన దారి. చదువు, వీసా, ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కునే గడువు. కానీ ఆ వీసా మీద వెళ్ళి టాంగోలో సంపాదిద్దామనుకుంటే కుదరదు. జర్మనీలో విద్యార్థి ఉద్యోగిగా ఏడాదికి 140 రోజుల వరకు పనిచేయవచ్చు, సొంతంగా క్లాసులు పెట్టి సంపాదించాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. మనసు లేని ఎమ్మెస్‌కు అప్పు చేసి పంపవద్దనే నా సలహా. తాకట్టులో తోట మిగులుతుంది, పిల్ల అక్కడ చదవదు.

అమ్మాయి చేయాల్సింది ఇది. ఉద్యోగం ఇప్పుడే మానకూడదు. బెంగళూరులో టాంగో ఆడేవాళ్ళున్నారు, అక్కడే కొత్తవాళ్ళకు వారానికో క్లాసు ఏడాదిపాటు నడపాలి. నేర్చుకోవడం వేరు, మొదటిరోజు కాళ్ళు తొక్కుకునే పదిమందిని రెండోవారం మళ్ళీ రప్పించుకోవడం వేరు. నడిపించే పాత్ర, అనుసరించే పాత్ర రెండూ రావాలి, అప్పుడు జోడీ లేకపోయినా క్లాసు ఆగదు. స్పానిష్ మొదలుపెట్టాలి. ఒక్కసారైనా బ్యూనస్ ఎయిర్స్ వెళ్ళి కొన్ని వారాలుండి మిలోంగాల్లో కూర్చోవాలి. ఆ తర్వాత యూరప్‌లో ఒకే ఊరు ఎంచుకుని, అక్కడ సొంతంగా పనిచేసుకునే అనుమతి కోసం ప్రయత్నించాలి. జర్మనీలో ఫ్రీలాన్సర్లకు అలాంటిది ఉంది. బీమా చూపించాలి, సంపాదన ఎలా వస్తుందో కాగితాల మీద పెట్టాలి. తిరగడం ఆ తర్వాతి మాట. ఒక చిరునామా, ఒక డాక్టరు, వారంలో ఒక రోజు తప్పకుండా వచ్చే విద్యార్థులు ఉంటే దాన్నే స్థిరపడటం అంటారండి.

మీరు చేయాల్సింది కూడా ఉంది. ఆమె పేరు మీద తిరుగు టికెట్‌కు, మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా వేయండి. దాన్ని అడగడానికి సంజాయిషీ ఇవ్వక్కర్లేదని మీ నోటితో చెప్పండి. ఈ పండక్కి వచ్చినప్పుడు పెళ్ళి సంబంధాల మాట ఎత్తకుండా ఆ లెక్కలు కలిసి వేయండి. వాళ్ళమ్మగారిని కూడా కూర్చోబెట్టండి. వేశాక ఏం తేలిందో నాకు రాయండి.