చందాల పుస్తకం పట్టుకునే ముందు

తల్లీ,

మన లూథరన్ సంఘం వాళ్ళ వృద్ధాశ్రమానికి చందాలు వసూలు చేసే పని నువ్వు ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంగానే ఉంది, కానీ టెన్షన్ కూడా పట్టుకుంది. ఎవరైనా కసిరితే చాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటావు నువ్వు.

రసీదు రాయకుండా రూపాయి ముట్టుకోకు. 2000 దాటితే నగదు వద్దు, బ్యాంకులో వెయ్యమను, లేకపోతే ఇచ్చినవాళ్ళకి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు పంపేది విదేశీ విరాళం కిందికొస్తుంది, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేకుండా తీసుకోకూడదు. ఇవన్నీ ఆడిటరు చెప్తాడులే.

నా బెంగ వేరే. రిటైరయ్యాక నేను నర్సుగా సాయానికి వెళ్ళిన ఆశ్రమంలో (పేరెందుకు) కమిటీకి ఒక పెద్ద దాత దొరికాడు. మేడ కట్టించాడు, గ్రానైట్ పరిపించాడు, గుమ్మం మీద వాళ్ళమ్మ పేరు చెక్కించాడు. ఇంకేం, వందా రెండొందలూ ఇచ్చే ఇళ్ళకి వెళ్ళడం కమిటీవాళ్ళకి నామోషీ అయిపోయింది. వంటకి బియ్యం కొలిచేటప్పుడు ఆడవాళ్ళు తీసిపెట్టే పిడికెడు బియ్యం కూడా తెచ్చుకోవడం మానేశారు. ఆ తర్వాత ఆయన వ్యాపారం దెబ్బతింది. మేడ మిగిలింది, రాత్రిపూట ఆయాకి జీతం ఇచ్చే దిక్కు మాత్రం లేకపోయింది. ఒక రాత్రి బాత్రూమ్‌కి లేచిన ముసలమ్మ తడి గ్రానైట్ మీద జారి, తుంటి విరిగి, తెల్లారేదాకా అక్కడే పడి ఉంది. నాకూ డెబ్బై దాటాయి. అర్ధరాత్రి లేచి గోడ పట్టుకున్నప్పుడల్లా ఆవిడే కళ్ళముందుకొస్తుంది.

గది కట్టిస్తామనేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. డైపర్లకి, కరెంటు బిల్లుకి, ఆయా జీతానికి నువ్వే నోరు తెరిచి అడగాలి, అది కూడా నెలనెలా. పుట్టినరోజు భోజనాలవాళ్ళతో జాగ్రత్త. ఒక్క ఆదివారమే రెండు బిర్యానీలు వస్తాయి, మంగళవారం పప్పుచారుకి ఎవరూ ఉండరు. షుగర్ ఉన్నవాళ్ళ చేతిలో కేకు పెట్టి, ఫొటో అయ్యేదాకా ముద్ద ఎత్తనివ్వరు, అన్నం చల్లారిపోతుంటుంది. ఆ ఫొటోలు తియ్యనివ్వకు. అలిగితే అలగనీ.

ఇవ్వకపోతే దేవుడు చూస్తాడని మాత్రం ఎవర్నీ బెదిరించకు, నాకు ఒళ్ళు మండుతుంది.

సికింద్రాబాద్‌లో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ ఆశ్రమం ఉంది, ఒకసారి చూసిరా. వాళ్ళు ఆర్‌సీఎం, రోమన్ కాథలిక్కులు కదా అనుకోకు. 1839లో ఫ్రాన్స్‌లో జాన్ జుగాన్ అనే ఆవిడ ఒక గుడ్డి ముసలమ్మని ఇంటికి తెచ్చుకుని తన మంచమే ఇచ్చేసింది. అలా మొదలైన సంస్థ అది. బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదట. ఎవరో చెంప మీద కొడితే, ఇది నాకు, మరి మా ముసలివాళ్ళకేమిస్తారు అని అడిగిందని చెప్పుకుంటారు. ఆ సిస్టర్లు ఇప్పటికీ స్థిరాదాయం పెట్టుకోరు, అడిగే తెచ్చుకుంటారు. నువ్వు చెంపదెబ్బలదాకా వెళ్ళక్కర్లేదులే తల్లీ, మరీ మొండిఘటాల ఇంటికైతే మీ బాబాయిని వెంటబెట్టుకెళ్ళు.

నా పేరున నెలకి ఐదొందలు రాసుకో, రాత్రి ఆయా జీతంలోకే. పెన్షన్ ఒకటో తారీఖున పడుతుంది. రెండో తారీఖుకి నేను పంపకపోతే ఫోన్ చేసి అడుగు, పెద్దమ్మే కదా అని మొహమాటపడ్డావో, ఊరుకోను.

మీ పెద్దమ్మ