సంచిని తిరగేసి చూడు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. అరుణాచల్ ప్రదేశ్‌లోని మియావ్‌లో మనావ్ అనే నాట్యాల పండగ చూసొచ్చి, అక్కడ కొన్న కచిన్ కొండజనం సంచి గురించి రాశావు. మొదటి పేరాలోనే రంగురంగుల, అద్భుతమైన, కళ్ళు చెదిరే... మూడూ వచ్చేశాయి. వాటిని ఉంచి చదివాను, తీసేసి చదివాను. సంచి మాత్రం కనబడలేదు.

పైగా దాన్ని "గిరిజన జోలె" అన్నావు. జోలె అనగానే మనకు గుమ్మంలో నిలబడి భిక్ష అడిగేవాడు గుర్తొస్తాడు. కచిన్ మగవాడి సంగతి వేరు. పండగనాడు ఒక భుజం మీంచి కత్తి, ఇంకో భుజం మీంచి సంచి వేలాడితేగానీ అతని ముస్తాబు పూర్తికాదు. జింగ్‌ఫో భాషలో ఆ సంచి న్‌ఫ్యే, ఆ కత్తి న్‌థు. వాళ్ళ మాటే వాడు. ఒకసారి అర్థం చెబితే చాలు, చదివేవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు.

ఇంకో మాట. నువ్వు మియావ్‌లో చూసిన సింగ్‌ఫోలూ, ఉత్తర బర్మాలోని జింగ్‌ఫోలూ, చైనాలో యున్నాన్ కొండల జింగ్‌పోలూ ఒకే జనం. కచిన్ అన్న పేరు కిందికి జైవా, లాచిక్, రవాంగ్, లీసూ వాళ్ళు కూడా వస్తారు. కాబట్టి "కచిన్ భాషలో" అని రాయకు.

నాకు కోపం వచ్చింది మూడో పేజీలో. "ఎంతో నైపుణ్యంతో నేస్తారు" అని ఒక్క ముక్కలో దాటేశావు. అసలు వ్యాసం అక్కడే కదా ఉంది! నేసే ఆవిడ నేల మీద కాళ్ళు చాపి కూర్చుంటుంది. పడుగు, అంటే నిలువు దారాలు, ఒక కొస ఎదురుగా గుంజకు, రెండో కొస ఆవిడ నడుముకు. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఆవిడ లేచి వెళ్ళిపోతే అక్కడ మగ్గమే ఉండదు, కర్రలూ దారాలూ తప్ప. అందుకే బట్ట పన్నా కూడా తక్కువ. ఇక పువ్వు సంగతి. నేస్తున్నంతసేపూ బట్ట తిరగబడి ఉంటుంది, ఆవిడకు కనబడేది వెనక వైపే. మొనదేలిన పుల్లతోనో ఏదుపంది ముల్లుతోనో పడుగు పోగులు లెక్కపెట్టి ఎత్తి, కావలసిన చోట మాత్రమే రంగు దారం దూరుస్తుంది. మన ఉప్పాడ జామ్‌దానీలోనూ పువ్వు కోసం వేరే పేక (అడ్డదారం) వేస్తారు కాబట్టి ఆ పోలిక వాడుకో. ఒక్క వాక్యమే సుమా! రెండో వాక్యానికి నీ వ్యాసం కాకినాడ బస్సెక్కేస్తుంది.

నీ సంచిని తిరగేసి చూశావా? అస్తరు లేకపోతే దారాల కొసలన్నీ అక్కడే ఉంటాయి. చూసి రాయి.

సంచికి కుట్టిన బిళ్ళల్ని "వెండి" అన్నావు. ఫోటోలో నాకు రేకులాగే ఉన్నాయి. పాత సంచులకు వెండివే కుట్టేవాళ్ళు. నీది రేకుదైతే రేకనే రాయి, అందులో నామోషీ ఏముంది? మనావ్‌లో వందలమంది వరసగా అడుగు కలిపితే ఆ బిళ్ళలు చేసే చప్పుడు ఒకటుంది. నువ్వు అక్కడే నిలబడ్డావుగా, అదేది?

నేను ఏదో తెలిసినవాణ్ణి అనుకోకు. ముప్పయ్యేళ్ళ కిందట ఇలాంటి సంచి గురించే ఒక పత్రికలో "ప్రాచీన కాలం నుంచి మారని కళ" అని రాశాను. ఒక పాఠకుడు కార్డు ముక్క పంపాడు: "అయ్యా, ఆ రసాయన రంగుల ఊలు ప్రాచీన కాలంలో ఏ కొట్లో దొరికేది?" ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. జేమ్స్ గ్రీన్ అనే బ్రిటిష్ సైనికాధికారి 1920లలో బర్మా కొండల్లో తీసిన ఫోటోలూ, సేకరించిన బట్టలూ ఇంగ్లండులో బ్రైటన్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ బొమ్మలు వెతికి, నీ సంచి పక్కన పెట్టుకుని చూడు.

ఆఖరి పేరా కొట్టేశాను. "తుపాకుల నీడలో పూచిన పువ్వు" అట! 2011 జూన్‌లో, బర్మా సైన్యానికీ కచిన్ తిరుగుబాటు దళానికీ మధ్య పదిహేడేళ్ళ కాల్పుల విరమణ తెగిపోయింది. లక్షమందికి పైగా ఊళ్ళు వదిలి శిబిరాలకు చేరారు. ఆ రెండు వాక్యాలూ పెట్టి ఊరుకో.

మీ ముత్తాత 1942లో, జపాన్ సేనలు బర్మా మీదికి వచ్చినప్పుడు, రంగం (రంగూన్) నుంచి నడిచొచ్చాడని ఎప్పుడో అన్నావు. ఏ దారినో ఇంట్లో ఎవరికైనా తెలుసేమో అడుగు. చాలామంది సరిహద్దులోని తమూ అనే ఊరు, ఇంఫాల్ మీదుగా వచ్చారు. అలా అయితే ఆ ఊసే ఎత్తకు. ఉత్తర బర్మాలోని హుకాంగ్ లోయ దాటి అస్సాంలోని లీడో చేరినవాళ్ళలో ఆయన ఉంటే మాత్రం కచిన్ నేల మీద నడిచొచ్చినట్టే. అప్పుడు వ్యాసం ఆయనతోనే మొదలుపెట్టు.

ఈ ఆదివారానికల్లా మళ్ళీ రాసి పంపు. సంచి లోపలి వైపు ఫోటో కూడా. పగటి వెలుగులో తియ్యి, ఫ్లాష్ వద్దు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు