థెరపిస్టు అవుతానంటున్న బైపీసీ విద్యార్థినికి ఏ కోర్సు సరైనది?

ప్రశ్న: మాది గాజువాక. నేను ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. మా అమ్మాయి ఈ ఏడాది బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. మా బాబుకు ఆటిజం ఉంది. వాడిని థెరపీకి తీసుకెళ్లేది ఎక్కువగా వాళ్ల అక్కే. ఇప్పుడు తాను కూడా అలాంటి పిల్లలకు ఉపయోగపడే చదువే చదువుతానంటోంది. బంధువులేమో నర్సింగ్‌లో చేర్పించమంటున్నారు. నగరంలో ఒక సంస్థ ఆరు నెలల్లో ‘చైల్డ్ థెరపిస్టు’ సర్టిఫికెట్ ఇస్తామని, వెంటనే ఉద్యోగం వస్తుందని చెప్పి, ముందుగా కొంత సొమ్ము కట్టమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: నమస్కారమండి. చివరి విషయానికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది డబ్బుతో ముడిపడినది: ఆ ఆరు నెలల కోర్సుకు సొమ్ము కట్టకండి. పునరావాస వృత్తులను నియంత్రించడానికి పార్లమెంటు 1992లో భారత పునరావాస మండలి చట్టాన్ని చేసింది. ఈ మండలినే అందరూ ఆర్‌సీఐ అంటారు. ఈ చట్టం ప్రకారం గుర్తింపు పొందిన అర్హత ఉండి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదైనవారు మాత్రమే స్పీచ్ థెరపిస్టుగానో, క్లినికల్ సైకాలజిస్టుగానో, ప్రత్యేక ఉపాధ్యాయులుగానో పనిచేయాలి. నమోదు లేనివారు ప్రాక్టీసు చేయకూడదు, చట్టం కోరే ధ్రువపత్రాలపై సంతకం చేయకూడదు. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు శిక్షకు కూడా అవకాశం ఉంది. ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు తానే చేసుకోగలిగేలా తీర్చే చికిత్స), ఫిజియోథెరపీ వంటి వృత్తులకు 2021లో వేరుగా జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. ఆరు నెలల సర్టిఫికెట్ పట్టుకుని వెళితే ఏదో ఒక సెంటర్‌లో సహాయకురాలిగా తీసుకోవచ్చు, కానీ ఒక బిడ్డ గురించి నివేదిక రాసి తన పేరుతో సంతకం చేసే హక్కు ఆమెకు ఎప్పటికీ రాదు. నా దృష్టిలో ఈ రంగానికి ఆయువుపట్టు ఆ నివేదికే.

ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి. థెరపీ అనగానే మనకు కనిపించేది పూసలు గుచ్చించడం, బంతి మీద కూర్చోబెట్టడం, బొమ్మలు చూపి మాటలు పలికించడం. కానీ ఆ బిడ్డకు పూసలే ఎందుకు ఇవ్వాలి, మాటల కంటే ముందు నేర్పవలసినది ఏమిటి, మూడు నెలల తర్వాత ఏది కనబడితే మెరుగుపడినట్లు భావించాలి అన్నవి నిర్ణయించేది అంచనా, అంటే బిడ్డను పరీక్షించి రాసే ఆ నివేదికే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి ఏడే. ప్రభుత్వ వైద్యుల బోర్డు వైకల్య శాతాన్ని నిర్ధారించి ధ్రువపత్రం ఇస్తుంది, 40 శాతం గాని అంతకు మించి గాని ఉంటే పలు పథకాలకు, రిజర్వేషన్లకు అర్హత వస్తుంది. ఆ శాతం పింఛనుకు, రాయితీకి అవసరమే, కాదనను. అయితే ఒకే శాతం రాసి ఉన్న ఇద్దరు ఎనిమిదేళ్ల పిల్లలను తీసుకోండి: ఒకరికి మాట వచ్చినా తరగతి గదిలోని శబ్దాన్ని భరించలేక చెవులు మూసుకుంటాడు, మరొకరు ఎంత గోలలోనైనా కూర్చోగలడు గాని దాహమేస్తోందని చెప్పలేడు. మొదటివాడికి కావలసినది కూర్చునే చోటు మార్చడం, విరామాలు ఇవ్వడం. రెండోవాడికి కావలసినది బొమ్మల కార్డులతోనైనా తన కోరిక తెలిపే మార్గం. వారి ధ్రువపత్రాలను పక్కపక్కన పెట్టి ఎంతసేపు చూసినా ఈ తేడా తెలియదు. బాబు విషయంలో మీ ఇంట్లో ఇప్పటికే ఇది అనుభవంలో ఉండి ఉంటుంది.

ఈ తేడాను పట్టుకోవడానికి మన దేశంలోనే తయారైన సాధనాలు ఉన్నాయి. ఆటిజం కోసం వాడే భారతీయ కొలమానం ఐసా ఒకటి. అందులోని 40 అంశాలకు ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేస్తారు, మొత్తం 70 గాని అంతకు మించి గాని వస్తే ఆటిజం ఉన్నట్లు లెక్క. మేధోవైకల్యం గల పిల్లల కోసం మద్రాసులో రూపొందిన ఎండీపీఎస్ మరొకటి. దానిలో తినడం, దుస్తులు వేసుకోవడం, డబ్బు లెక్కించడం వంటి 18 విభాగాలు, ఒక్కో విభాగంలో 20 చొప్పున మొత్తం 360 అంశాలు ఉంటాయి. ప్రతి అంశాన్నీ ‘చేయగలడు’ అన్న రీతిలోనే రాశారు. బిడ్డ దాన్ని చేస్తున్నాడా, లేదా అన్నదే గుర్తించాలి. నాకు ఈ పద్ధతి మీద ప్రత్యేకమైన గౌరవం ఉంది, ఎందుకంటే దీనిలో లోపాల జాబితా కాక, తర్వాత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చూపే మెట్ల వరుస దొరుకుతుంది. దాని ఆధారంగా ప్రత్యేక ఉపాధ్యాయురాలు వ్యక్తిగత విద్యా ప్రణాళిక తయారుచేస్తుంది. ‘బాబుకు స్వయం సేవ నేర్పాలి’ అని రాస్తే అది ప్రణాళిక కాదు. ‘ఈ మూడు నెలల్లో, గిన్నెలో కలిపి పెట్టిన అన్నాన్ని, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా సగం వరకైనా తానే తినాలి’ అని రాస్తే అమ్మ కూడా అది జరిగిందో లేదో చెప్పగలదు.

విశాఖలో పనిచేయాలనుకునేవారికి మరొక చిక్కు కూడా ఉంది. ఇక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు శ్రీకాకుళం, విజయనగరం నుంచే కాక అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ గ్రామాల నుంచి, ఒడిశా నుంచి కూడా కుటుంబాలు వస్తాయి. ఉక్కు కర్మాగారం, నౌకాదళం, పోర్టు కారణంగా హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే ఇళ్లు నగరంలో చాలా ఉన్నాయి. కువి గాని ఆదివాసీ ఒడియా గాని ఇంటి భాషగా గల బిడ్డకు పుస్తకాల తెలుగులో బొమ్మల పరీక్ష పెట్టి, జవాబు రాలేదు కనుక మాట ఆలస్యమైందని రాసేస్తే, లోపం బిడ్డది కాదు, పరీక్షది. ఇంటి భాషేమిటి, ఇంట్లో ఎవరితో ఏ భాషలో మాట్లాడతాడు, అమ్మ పిలిస్తే ఎలా స్పందిస్తాడు అని అడిగి తెలుసుకున్న తర్వాతే అంకెలకు విలువ వస్తుంది. ఉత్తరాంధ్ర యాస వింటూ పెరిగిన మీ అమ్మాయికి ఈ విషయంలో పెద్ద నగరాల నుంచి వచ్చినవారికి లేని సౌలభ్యం ఉంది, అది ఏ కళాశాలా నేర్పేది కాదు.

వైద్యంలోనూ పద్ధతి ఇదే, అయితే రోగి తరచుగా పెద్దవాడై ఉంటాడు. పక్షవాతం వచ్చిన మనిషి రోజువారీ పనులను బార్తెల్ సూచిక అనే పది అంశాల పట్టికతో నూటికి ఇన్ని అని కొలుస్తారు. ఆసుపత్రి వరండాలో నడిచిన మనిషికి ఆ పట్టికలో మంచి మార్కులే రావచ్చు. కానీ ఆయన ఇల్లు కంచరపాలెం వైపో, ఆరిలోవ వైపో కొండవాలు కాలనీలో ఉండి, రోడ్డు నుంచి గుమ్మం దాకా నిటారు మెట్లు ఎక్కవలసి వస్తే, ఇంట్లో నేల మీద కూర్చుని తినే అలవాటు, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఉంటే, ఆ మార్కులతో ఆయన ఇల్లు చేరలేడు. అక్కడికి చక్రాల కుర్చీ సిఫారసు చేస్తే అది మెట్ల కిందే ఉండిపోతుంది. ‘ఇంటికి ఎన్ని మెట్లు?’ అని అడగడం ఆక్యుపేషనల్ థెరపిస్టు చదువులో భాగం. బంధువులు చెబుతున్న నర్సింగ్‌ను కూడా నేను తక్కువ చేయను. రోగి అవసరాలను గుర్తించి, సంరక్షణ ప్రణాళిక రాసి, అమలు చేసి, ఫలితాన్ని తిరిగి చూసుకోవడమే నర్సింగ్ ప్రక్రియకు కూడా వెన్నెముక. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కు ఉద్యోగావకాశాలు కూడా ఎక్కువ. కానీ ఒక బిడ్డతో నెలల తరబడి కూర్చునే పని కావాలనుకునే అమ్మాయికి షిఫ్టుకు పదుల మంది రోగులను చూసే వార్డు తృప్తినివ్వకపోవచ్చు.

ఇక కోర్సుల సంగతి. బైపీసీ చదివినవారికి నేరుగా తెరిచి ఉన్న దారులలో నేను ముందు పెట్టేవి రెండు. మొదటిది వినికిడి, మాట, భాషలకు సంబంధించిన బీఏఎస్‌ఎల్‌పీ. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులో 1965లో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ రంగంలో దేశానికి పెద్దదిక్కు. రెండవది బ్యాచిలర్ ఆఫ్ ఆక్యుపేషనల్ థెరపీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు. మన హౌరా రైలు మార్గంలోనే ఉన్న కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది. అక్కడి సీట్లకు, కోల్‌కతా, చెన్నై తదితర జాతీయ సంస్థల సీట్లకు ఇటీవలి సంవత్సరాలలో ఉమ్మడి ప్రవేశ పరీక్ష నిర్వహించారు. ఫీజు విషయంలో మీ కుటుంబానికి అందుబాటులో ఉండేవి ఇలాంటి ప్రభుత్వ సంస్థలే కనుక, ఇంటికి దూరమన్న కారణంతో వీటిని కొట్టివేయవద్దని నా మనవి.

పిల్లలకు నేర్పడమే ఇష్టమైతే ప్రత్యేక విద్యలో డిప్లొమా గాని, డిగ్రీ తర్వాత బీఈడీ గాని చేయాలి. వీటిలో మేధోవైకల్యం, వినికిడి, దృష్టి, ఆటిజం అంటూ విభాగాలు ఉంటాయి, చేరేటప్పుడే ఎంచుకోవాలి. సికింద్రాబాద్‌లో 1984లో నెలకొన్న జాతీయ మేధో దివ్యాంగజన సాధికారత సంస్థ ఈ విభాగంలో మనకు దగ్గరి పెద్ద కేంద్రం. క్లినికల్ సైకాలజీ మాత్రం సుదీర్ఘమైన బాట: డిగ్రీ, పీజీ, ఆపైన ఆర్‌సీఐ గుర్తించిన వృత్తి శిక్షణ కావాలి. సైకాలజీలో ఎంఏ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్టుగా నమోదు కాలేరన్న సంగతి చాలామందికి పట్టా చేతికొచ్చాకే తెలుస్తోంది. ప్రవేశ నిబంధనలు, కోర్సుల కాలవ్యవధి ఇటీవల తరచుగా మారుతున్నందున ఆర్‌సీఐ పరిధిలోని కోర్సులో ఏ కళాశాలలో చేరినా, ఆ కోర్సుకు ఆ విద్యాసంవత్సరంలో గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైటులో స్వయంగా చూసుకోండి. కళాశాల వారు చూపించే పాత ఉత్తర్వుల నకలుతో సరిపెట్టుకోకండి.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తారు. ఆ పథకంలోని జిల్లా సత్వర చికిత్స కేంద్రాలలో స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఒకే చోట పనిచేస్తారు. సమగ్ర శిక్షా కింద మండలాలలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, కదలలేని పిల్లలకు ఇంటికి వెళ్లి చదువు చెప్పే ఏర్పాటు కూడా ఉంది. ప్రత్యేక అవసరాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, పై తరగతులలో పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. అవసరం ఉన్నంతగా శాశ్వత పోస్టులు లేవు. ప్రభుత్వంలో చాలావరకు కాంట్రాక్టు కొలువులే. ప్రైవేటు సెంటర్లలో గంటల లెక్కన చెల్లింపు ఉంటుంది, మొదటి రెండు మూడేళ్లు జీతం నిరాశ కలిగిస్తుంది. నమోదైన స్పీచ్ థెరపిస్టుకు, ఆక్యుపేషనల్ థెరపిస్టుకు ఆసుపత్రి, పాఠశాల, సొంత క్లినిక్ అనే మూడు ద్వారాలు ఉండడం వల్ల నిలదొక్కుకోవడం కొంత సులువు. ప్రత్యేక విద్య చదివినవారికి పాఠశాలే ప్రధాన ఆధారం.

ఒక మాట అమ్మాయి గురించి, ఇది మీరు అడగకపోయినా. తమ్ముడి కోసం ఈ రంగంలోకి రావడం వేరు, ఇతరుల పిల్లలతో జీవితమంతా పనిచేయాలని రావడం వేరు. ఇంట్లో బిడ్డ ఒక మెట్టు ఎక్కితే సంబరం ఇంటిల్లిపాదిదీ. వృత్తిలో అలాంటి మెట్టు కోసం ఆరు నెలలు శ్రమించాక ఆ కుటుంబం ఊరు మారిపోవచ్చు, లేదా ఫలితం లేదని మరొకరి దగ్గరకు వెళ్లవచ్చు. పైగా, అక్క థెరపిస్టు అయితే బాబు బాధ్యత శాశ్వతంగా ఆమెదేనన్న ఆశ ఇంట్లో ఎవరికైనా ఉంటే, అది ఇప్పుడే మాట్లాడి తేల్చుకోవలసిన విషయం. ఇది నిష్ఠూరంగా అనిపిస్తే మన్నించండి. ఆమెకు ఈ పని నిజంగానే ఇష్టమై ఉండవచ్చు, బాబు దగ్గర గమనించే చూపు అలవడి కూడా ఉండవచ్చు. అది తేలాలంటే, బాబు వెళ్లే చోట కాకుండా మరొక ప్రత్యేక పాఠశాలలోనో, భవిత కేంద్రంలోనో అనుమతి తీసుకుని కొన్ని వారాలు కూర్చుని చూడమనండి. ప్రతి రోజూ ఒకే బిడ్డను గమనించి, ఏం చేశాడు, ఎంత సహాయంతో చేశాడు, దేనికి చిరాకు పడ్డాడు అని అరపేజీ రాయమనండి. ‘మంచి పిల్లాడు’, ‘మొండివాడు’ వంటి మాటలు రాకుండా రాయగలిగితే ఈ చదువుకు అవసరమైన మొదటి నేర్పు ఆమెలో ఉన్నట్టే. రాయడం విసుగనిపిస్తే నర్సింగో, మెడికల్ ల్యాబ్ కోర్సో ఆలోచించడంలో తప్పేమీ లేదు.

ఈ ఏడాది బీఏఎస్‌ఎల్‌పీ, ఆక్యుపేషనల్ థెరపీ సీట్లు దొరకకపోతే సంవత్సరమంతా ఖాళీగా ఉంచకండి. ఇంటర్ అర్హతతో చేరగలిగే రెండేళ్ల ప్రత్యేక విద్యా డిప్లొమా, ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న చోట, అన్నిటికంటే తక్కువ ఖర్చుతో నమోదు వరకు తీసుకెళ్తుంది. ఆ తర్వాత పని చేసుకుంటూ డిగ్రీ పూర్తి చేయవచ్చు. ఆరు నెలల సంస్థవారు మళ్లీ ఫోన్ చేస్తే, తమ కోర్సుకు ఆర్‌సీఐ ఇచ్చిన ఆమోదపు సంఖ్య, ఏ సంవత్సరం వరకు ఆ ఆమోదం వర్తిస్తుందన్న వివరం రాతపూర్వకంగా పంపమనండి. అవి వచ్చేవరకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.