మెషీన్ మార్చే ముందు కుళాయి చూడండి

ప్రశ్న: మా టాప్ లోడ్ వాషింగ్ మెషీన్ కొని తొమ్మిదేళ్ళయింది. రెండేళ్ళుగా సగంలో ఆగిపోతోంది. నీళ్ళలోంచి బట్టలు తీసి చేత్తో పిండుకోవలసి వస్తోంది. నీళ్ళు తీసుకునే వాల్వు రెండుసార్లు, నీళ్ళు బయటికి పంపే మోటారు ఒకసారి మార్పించాం. ఇప్పుడు మెషీన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందని, 5,800 రూపాయలవుతుందని మెకానిక్ అంటున్నారు. మావారు ఫ్రంట్ లోడ్ కొందామంటున్నారు. అత్తగారు సెమీ ఆటోమేటిక్ చాలంటున్నారు. ఇంట్లో ఐదుగురం. బోరు నీళ్ళే వాడతాం. మేడ మీది వాటాలో ఉంటాం, ట్యాంకు మా డాబా పైనే ఉంది. ఏం చేయమంటారు?
— ఒక గృహిణి, శ్రీకాకుళం

జవాబు: బోర్డు వేయించకండమ్మా. ఆ డబ్బు కొత్తదానికి దాచండి. తొమ్మిదేళ్ళ యంత్రంలో బేరింగులు, సీలు కూడా అరిగే వయసుకు వచ్చి ఉంటాయి. ఈ నెల బోర్డు మారిస్తే వచ్చే ఏడు వాటి వంతు. అయితే కొట్టుకు వెళ్ళేముందు ఒక్క ఆదివారం ఆగండి. మీ ఉత్తరంలో అసలు సంగతి చివరి మూడు ముక్కల్లో ఉంది: బోరు నీళ్ళు, మేడ మీది వాటా, తల మీదే ట్యాంకు. అదే కుళాయికి, అదే ప్లగ్గుకు కొత్త యంత్రం తగిలిస్తే దానికీ ఇదే గతి పడుతుంది.

నాకిది విజయనగరంలో మా ఇంట్లోనే తెలిసివచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వెళ్ళాక కరెంటు లేక రోజుల తరబడి పెరట్లో బండ మీదే ఉతుక్కున్నాం. కరెంటు వచ్చాక కూడా ఒక గంట దీపాలు మిణుకుమనేవి, మరుగంట భగ్గున వెలిగేవి. ఆ వారంలోనే మా మెషీన్ బోర్డు కాలిపోయింది. తొందరపడి కొత్తది కొన్నాం. ఏడాది దాటిందో లేదో, దాని బోర్డూ పోయింది. అప్పుడు వచ్చిన ఎలక్ట్రీషియన్ మెషీన్ ముట్టుకోకుండా ముందు ప్లగ్గు విప్పి చూశారు. ఎర్తు తీగ ఊడి వేలాడుతోంది. దాన్ని బిగించి, స్టెబిలైజర్ పెట్టిన నాటి నుంచి ఆ మెషీన్ మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. కరెంటు పోతే ప్లగ్గు తీసేయడం, వచ్చి నిలకడపడ్డాకే మళ్ళీ పెట్టడం అప్పటినుంచి మా ఇంటి అలవాటు. మీరూ ఎర్తింగ్ ముందుగా చూపించండి. తడి చేత్తో మెషీన్ పట్టుకున్నప్పుడు చురుక్కుమంటే ఆ క్షణమే వాడకం ఆపేయండి.

ఇక కుళాయి. పది లీటర్ల బకెట్ పెట్టి మెషీన్‌కు వచ్చే కుళాయి పూర్తిగా తిప్పండి. నిమిషంలో సగమైనా నిండకపోతే ఒత్తిడి చాలనట్టే. ట్యాంకులోని నీటి మట్టం కుళాయి కంటే ఎన్ని మీటర్ల ఎత్తున ఉంటే, మీటరుకు సుమారు 0.1 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) చొప్పున ఒత్తిడి వస్తుంది. నేరుగా డాబా మీద పెట్టిన ట్యాంకు సగానికి దిగితే మేడ మీది కుళాయికి 0.3 బార్ రావడమే కష్టం. చాలా ఫ్రంట్ లోడ్ యంత్రాలకు కనీసం అంతైనా కావాలి, కొన్నింటికి ఇంకా ఎక్కువే కావాలి. నీళ్ళు సమయానికి నిండకపోతే యంత్రం తప్పు చూపించి ఆగిపోతుంది. మీవారు ముచ్చటపడిన మోడల్ పుస్తకంలో ఆ అంకె చూడకుండా డబ్బు కట్టవద్దని చెప్పండి.

గొట్టం మెషీన్‌కు కలిసే చోట చిన్న జాలీ ఉంటుంది. కుళాయి కట్టేసి, గొట్టం విప్పి దాన్ని చూడండి. ఇసుకో, తెల్లటి సున్నపు పెచ్చులో కనిపిస్తే, మీరు మార్పించిన వాల్వుల్లో ఒకటైనా నిజంగా పోయి ఉండదని నా అనుమానం. పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే సరిపోయే పనికి డబ్బు పోయి ఉంటుందని తలచుకుంటే బాధగా ఉంది. సబ్బుకు నురగ రాకపోయినా, వేణ్ణీళ్ళ గిన్నె అడుగున తెల్లగా గారకట్టినా మీవి కఠిన జలాలే. అలాంటి నీటిని వేడిచేస్తే సున్నం హీటరుకు అంటుకుపోతుంది. ఫ్రంట్ లోడ్ యంత్రాల్లో హీటరు ఉంటుంది కనుక మీ ఇంట్లో దానికి ఇది రెండో దెబ్బ. ఏది కొన్నా నెలకో రెండు నెలలకో సిట్రిక్ ఆమ్లం వేసి ఖాళీగా ఒకసారి తిప్పండి. దానితోపాటు బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

ఫ్రంట్ లోడ్‌లో మంచి లేదనను. నీళ్ళు తక్కువ తాగుతుంది. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగి పిండుతుంది కాబట్టి మన సముద్రపు గాలి తేమలో, ముసురు రోజుల్లో బట్టలు త్వరగా ఆరతాయి. మీ అత్తగారి మాటలోనూ నిజముంది. సెమీ ఆటోమేటిక్‌కు బకెట్‌తో నీళ్ళు పోసుకోవచ్చు, కుళాయి ఒత్తిడితో పని లేదు. తెల్లబట్టల నీళ్ళలో ముదురు రంగువి మళ్ళీ వేసుకోవచ్చు. సాధారణంగా తిప్పుడు మీటలే తప్ప బోర్డు బెడద ఉండదు. కానీ నీళ్ళోడే దుప్పట్లను ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి ఎత్తేది ఎవరు? మీ ఉత్తరంలో మీవారి అభిప్రాయం ఉంది, అత్తగారిది ఉంది, మీది లేదు. ఐదుగురి బట్టలు రోజూ ఉతికే మనిషి మాటకే ఇందులో విలువ ఎక్కువ. ఇంట్లో అది గట్టిగా చెప్పండి.

నా సలహా అడిగారు కనుక చెబుతున్నాను: హీటరు లేని టాప్ లోడ్, ఏడు లేదా ఎనిమిది కిలోలది, తక్కువ ఒత్తిడికీ నీళ్ళు నింపుకోగలదని పుస్తకంలో రాసి ఉన్నది తీసుకోండి. కుళాయికి, గొట్టానికి మధ్య ఒక వడపోత జాలీ పెట్టించండి. బకెట్ పరీక్షలో నీళ్ళు బాగా వస్తే, సున్నం కూడా పెద్దగా లేకపోతే, అప్పుడు ఫ్రంట్ లోడ్ కొన్నా నేను వద్దనను. దానికి మాత్రం ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు విడిగా ఉండాలి. బిగించేటప్పుడు దారిలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించి పంపే రవాణా బోల్టులు తీశారో లేదో దగ్గరుండి చూడండి. అవి తీయకుండా తిప్పితే యంత్రం గదంతా గెంతుతుంది.

ఇంట్లో పొందూరు ఖద్దరు పంచెలు ఉంటే అవి ఏ మెషీన్‌లోనూ వేయకండి, చేత్తోనే జాడించండి. ఆదివారం బకెట్ ఎంతసేపట్లో నిండిందో, జాలీలో ఏమి కనిపించిందో నాకు రాయండి. మోడల్ ఎంచుకోవడానికి ఆ రెండు వివరాలూ ఉంటే చాలు.